క్రూజ్‌కి విమానం టికెట్: మనమే కొనాలా, ఓడ కంపెనీకి వదిలేయాలా?

బరంపురం నుంచి సింగపూర్ వెళ్లి క్రూజ్ ఎక్కాలంటే ముందు రైల్లో భువనేశ్వరో విశాఖో చేరాలి. టికెట్ మనమే కొంటే విశాఖలో అక్క ఇంట్లో ఒక రాత్రి ఆగి, నచ్చిన టైముకి బయల్దేరొచ్చు. కానీ విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. పైగా రెండు విమానాలకి వేర్వేరు పీఎన్ఆర్‌లుంటే, మొదటిది లేటై రెండోది తప్పినా మామూలుగా ఆ నష్టం మనదే.

ఓడ కంపెనీ ద్వారా కొంటే టైములు చాలావరకు వాళ్లు చెప్పినవే. అయితే విమానం ఆలస్యమైనప్పుడు వేరే విమానం చూడటమో, వీలైతే తర్వాతి రేవులో ఓడ ఎక్కించడమో చాలా కంపెనీలు చేస్తాయి. మన రైలు లేటైతే మాత్రం ఆ భరోసా మీద ఆశ పెట్టుకోకండి.

నేనైతే ఒకే పీఎన్ఆర్‌తో, ఒకరోజు ముందే చేరేలా సొంతంగా కొంటాను. అమ్మానాన్నలిద్దరే వెళ్తుంటే కంపెనీకే వదిలేస్తాను. అర్ధరాత్రి కౌంటర్ దగ్గర పాస్‌పోర్టులు పట్టుకుని వాళ్లు నిలబడటం నేను తట్టుకోలేను.