డయాలసిస్‌లో ఉండగానే గర్భమా, కిడ్నీ మార్పిడి అయ్యాకా?

పలమనేరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి తిరుపతి స్విమ్స్‌కు డయాలసిస్‌కు వచ్చే కోడలు ఈ ప్రశ్న అత్తగారి ముందు అడగలేదు. చేతి మీది ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చేందుకు సిద్ధం చేసిన రక్తనాళం) పట్టీని కొంగుతో కప్పుకుని ఊరుకుంటుంది. ఆమె కోసమే ఇది.

గర్భం నిలిచే అవకాశం
డయాలసిస్‌లో: చాలామందికి నెలసరి గతి తప్పుతుంది, అండం విడుదల కాదు. కోరికా తగ్గుతుంది. అది జబ్బు వల్లే, ప్రేమ తగ్గి కాదు. భర్తలు ఈ మాట తప్పక తెలుసుకోవాలి.
మార్పిడి తర్వాత: కొన్ని నెలల్లోనే నెలసరి తిరిగి రావచ్చు. కాబట్టి వైద్యులు సరేననేదాకా గర్భనిరోధం తప్పనిసరి.

శ్రమ
డయాలసిస్‌లో: మామూలుగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. గర్భిణికి దాదాపు రోజూ, వారానికి 36 గంటలకు పైగా చేస్తే బిడ్డ దక్కే అవకాశం బాగా పెరుగుతుంది. పలమనేరు నుంచి రోజూ తిరగడం అయ్యే పని కాదు, తిరుపతిలోనే గది తీసుకోవాలి.
మార్పిడి తర్వాత: కనీసం ఏడాది ఆగాలి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష విలువ) నిలకడగా ఉండాలి.

ప్రమాదం
రెండింటిలోనూ రక్తపోటు, నెలలు నిండని కాన్పు భయం ఉన్నాయి. డయాలసిస్‌లో ఎక్కువ.
మార్పిడి తర్వాత మందులే కీలకం. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే మైకోఫినోలేట్ బిడ్డకు హాని చేస్తుంది. గర్భానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని మాన్పించి, దాని బదులు సాధారణంగా అజాథయోప్రిన్ ఇస్తారు. సొంతంగా ఆపితే కొత్త కిడ్నీకే ముప్పు.

వయసు ముప్పైలోపు ఉండి, దాత సిద్ధంగా ఉంటే మార్పిడి దాకా ఆగడమే నయం. వయసు మీదపడుతూ, జీవన్‌దాన్ (మరణించినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం) జాబితాలో ఎదురుచూపు సాగుతుంటే, డయాలసిస్ గంటలు పెంచగలరేమో మీ కిడ్నీ వైద్యుణ్ణి ముందే అడగండి.