అమ్మ ఉంటున్న వృద్ధుల వసతి గృహం: మందుల విషయంలో నా అనుభవం

82 ఏళ్ల మా అమ్మ ఏడాదిన్నరగా చెన్నైలో, వేళచ్చేరి దగ్గరున్న ఒక వృద్ధుల వసతి గృహంలో ఉంటోంది. గది, భోజనం, శుభ్రత బాగానే ఉన్నాయి కనుక మందుల గురించి మాత్రమే రాస్తాను. చేరేనాటికి అమ్మ రోజుకు 13 మాత్రలు వేసుకునేది. బీపీకి ఒక డాక్టరు, షుగరుకు మరొకరు, మోకాళ్లకు ఇంకొకరు రాసిన ఆ చీటీలన్నిటినీ ఒకచోట పెట్టి చూసినవారు లేరు. నేనూ చూడలేదు.

మాత్రలు ఇవ్వడంలో ఇక్కడి నర్సులకున్న శ్రద్ధను మెచ్చుకోవాలి. థైరాయిడ్ మాత్ర ఉదయం పరగడుపున ఇస్తారు, కాల్షియం దానికి నాలుగు గంటలైనా ఎడంగా మధ్యాహ్న భోజనం తర్వాత ఇస్తారు. మాత్రలను ముందే గిన్నెలో వేసి తీసుకురారు. అమ్మ కళ్లముందే స్ట్రిప్పు చింపి, పేరు చదివి, అరచేతిలో పెట్టి, మింగేదాకా నిలబడి, ఆ తర్వాతే చార్టులో సంతకం చేస్తారు.

అయినా పొరపాటు జరిగింది. ఛాతీలో ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉండి వచ్చినప్పుడు, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ అనే రెండు బీపీ మందులు కలిసిన మాత్రను వేరే కంపెనీ పేరుతో రాసి పంపారు. ఇక్కడ పాత చార్టులో ఆ రెండూ విడివిడిగా ఉన్నాయి. "ఈ తెల్లది కొత్తది కదమ్మా, పాతవి కూడా వేసుకోవాలా?" అని అమ్మ అడిగినా, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న తాత్కాలిక నర్సు కొత్తదానితో పాటు చార్టులో ఉన్న పాతవీ ఇచ్చింది. నాలుగు రోజులు రెట్టింపు మోతాదు పడింది. ఐదో రోజు ఉదయం అమ్మ కళ్లు తిరిగి బాత్రూమ్ గడప దగ్గర పడిపోయింది. ఎముక విరగలేదు గానీ, బీపీ 94/56 చూసి నా గుండె జారిపోయింది. నిర్వాహకులు తప్పు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆసుపత్రి నుంచి ఎవరు తిరిగి వచ్చినా, మొదటి మాత్ర ఇచ్చే ముందే రెండు జాబితాలనూ కంపెనీ పేర్లతో కాక మందు అసలు పేర్లతో పోల్చి చూస్తున్నారు.

ఆ తర్వాత వారు పిలిపించిన వృద్ధుల వైద్య నిపుణురాలు గంటసేపు కూర్చుని ప్రతి మాత్రకూ కారణం అడిగారు. ఆమ్లోడిపిన్ వల్ల కాళ్లు వాచాయి, ఆ వాపుకు నీరు పోయే మాత్ర రాశారు, దానివల్ల రాత్రిళ్లు పదేపదే లేవాల్సి వచ్చి నిద్ర కరువైంది, ఆ నిద్రకు ఆల్‌ప్రాజోలమ్ వచ్చి చేరింది. ఇన్నేళ్లూ వయసు వల్ల అనుకున్నదంతా ఇదే. నర్సింగ్ హోముల్లోని వృద్ధులకు తగని మందులను అమెరికాలో మార్క్ బీర్స్ బృందం 1991లోనే జాబితా చేసిందని, 2023లో సవరించిన ఆ జాబితాలో నిద్రమాత్రలతో పాటు అమ్మ షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్ కూడా ఉందని ఆవిడ చెప్పారు. నిద్రమాత్రను వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించారు. ఇప్పుడు అమ్మకు 8 మాత్రలే. పగలు మత్తుగా ఉండటం లేదు.

నాకు మిగిలిన అసంతృప్తి ఒకటుంది. ఈ సమీక్షకు విడిగా రుసుము కట్టాలి కనుక, అడిగేవారు లేని వృద్ధుల చార్టులు అలాగే ఉండిపోతున్నాయి. గిండీలో 2024లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల వైద్య కేంద్రానికి వారిని ఆరు నెలలకొకసారైనా తీసుకెళ్లమని నిర్వాహకులకు ఉత్తరం రాశాను. చార్టు ఇంగ్లీషులోనే ఉంటుంది కనుక, అమ్మ 8 మాత్రల పేర్లనూ, అవి ఎందుకో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకు అంటించాను. నర్సు చదివే ప్రతి పేరునూ అమ్మ ఇప్పుడు ఆ కాగితంతో సరిచూసుకుంటోంది.