పైసలు ల్యాబ్‌కా, మంచం కాడికా?

మిర్యాలగూడల మా మేనమామకు మోటార్ న్యూరాన్ జబ్బు, అంటే కండరాలను కదిలించే నరాలు మెల్లమెల్లగ చచ్చిపోతయి, చాయ్ గ్లాసు గూడ రెండు చేతులతోని పట్టుకుంటడు, గుటకేస్తే పొలమారుతది. మా దోస్తులం జమచేసిన పైసలు రీసెర్చ్‌కు పంపుదామా, ఇట్లాంటోళ్లకు ఊపిరి తీసుకునుడుకు సాయం చేసే బైపాప్ మిషన్ కొనిద్దామా అని ఒకటే లొల్లి.

బైపాప్ అయితే ఇయ్యాల్నే పనికొస్తది, రాత్రి ఊపిరాడుతది, నిద్ర పడుతది, గంతే, జబ్బు ఆగదు.

ల్యాబ్ ముచ్చట వేరే. 1993ల ఈ జబ్బు తెచ్చే ఎస్‌ఓడీ1 అనే జీన్‌ల తేడా దొరికింది, దానిమీద పనిచేసే టోఫర్‌సెన్ అనే మందుకు అమెరికాల పర్మిషన్ 2023ల వచ్చింది, అంటే 30 ఏండ్లు, అదీ ఆ తేడా ఉన్నోళ్లకే, నూటికి ఇద్దరనుకో. 1995 నాటి రిలుజోల్ మందుతోని కొన్ని నెలలే కలిసొస్తయి. 2014ల ఈ జబ్బు కోసం పైసలు జమచేసేటందుకు జనాలు ఐస్ బకెట్ నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంటుంటే నవ్వినం గని, ఆ పైసలు పడ్డ రీసెర్చ్‌లనే 2016ల ఈ జబ్బుతోని సంబంధమున్న ఎన్‌ఈకే1 అనే ఇంకో జీన్ సంగతి బయటపడ్డది.

నేనైతే ముందుగాల మిషనే అంట. మామనేమో ముద్దముద్ద మాటలతోనే "ల్యాబ్‌కే పంపురా" అంటుండు.