పల్లె దవాఖానా మాత్రలతో నాలుగేళ్లు

మునుగోడు ప్రాంతంలోని మా ఊరి పల్లె దవాఖానాకు నాలుగేళ్లుగా అమ్మను తీసుకువెళ్తున్నాను. ఆమెకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. అంతకుముందు నెలనెలా నల్లగొండ వెళ్లేవాళ్లం. బస్సు ఛార్జీలు, డాక్టరు ఫీజు, మందులు, పైగా ఒక రోజు కూలి పోయేది. చేతిలో డబ్బు లేని నెల మాత్రలు కూడా ఉండేవి కావు. ఇప్పుడు నెలకు సరిపడా ఊళ్లోనే ఉచితంగా ఇస్తున్నారు. అమ్మకు చదువు రాదు కనుక నర్సమ్మ పొద్దుటి మాత్రల అట్టమీద సూర్యుణ్ణి, రాత్రి మాత్రల అట్టమీద చంద్రుణ్ణి గీసి ఇస్తుంది.

నాకు అన్నిటికన్నా విలువైనది ఎవరు మాత్రలు తీసుకున్నారో రాసే అక్కడి రిజిస్టరు. పత్తి తీసే రోజుల్లో అమ్మ "బాగానే ఉన్నాను కదా" అని మాత్రలు మానేస్తే, వారం తిరగకుండా ఆశా కార్యకర్త మా గడప ఎక్కింది. అలా వెతుక్కుంటూ వచ్చిన వైద్యం మాకు అంతకుముందు తెలియదు.

మా వైపు నీళ్లలో ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ ఉందని దశాబ్దాల కిందటే గుర్తించారు. నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చేసరికే అమ్మ తరానికి మోకాళ్లు, నడుములు పట్టేశాయి. నొప్పి వస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది, లేదంటే కొట్లో గోళీ. మాత్రలు వేసుకుంటున్నా బీపీ 170 నుంచి దిగకపోవడం చూసి నర్సమ్మ, "నొప్పి గోళీలు రోజుకెన్ని మింగుతున్నావు పెద్దమ్మా?" అని అడిగింది. అవి బీపీని పెంచుతాయని, కిడ్నీలను దెబ్బతీస్తాయని అంతవరకు మాకెవరూ చెప్పలేదు. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) రక్తం తీసి జిల్లా కేంద్రానికి పంపారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ హద్దులోనే ఉందని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను. నొప్పి గోళీలు మానిన రెండు నెలలకు బీపీ 140కి వచ్చింది. నొప్పి అయితే పోలేదు, కాపడంతో ఓర్చుకుంటోంది.

గత వేసవిలో రెండు నెలలు షుగర్ మాత్రలు రాలేదు. మేము బయట కొన్నాం. కొనలేని మా వీధి తాత మిగిలిన వాటిని రోజు విడిచి రోజు మింగాడు. ఇలాంటి కొరత ఒక్క నెల కూడా రాకూడదు. షుగర్ ఉన్నవారికి ఏటా చేయాల్సిన కంటి పరీక్ష ఇక్కడ లేదు, పట్నం వెళ్లి చేయించాం. సాయంత్రం తాళం పడేవేళకు కూలివాళ్లు ఇంకా పొలంలోనే ఉంటారు. వారానికి ఒక్క రోజైనా పొద్దుపోయేదాకా తెరిచి ఉంచాలి.

వచ్చే నెల మా మేనత్తను కూడా నమోదు చేయిస్తున్నాను. ఇంట్లో ఉన్న నొప్పి గోళీలన్నీ సంచిలో వేసుకుని రమ్మని నర్సమ్మ ముందే కబురు పంపింది.