మేడ మీది బంతి: రెండు ముక్కలా, ఒకే సమీకరణమా?

25 మీటర్ల మేడ అంచు నుంచి బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. నేలను తాకడానికి ఎంతసేపు పడుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకుందాం, గాలి నిరోధాన్ని వదిలేద్దాం.

ముక్కలు చేస్తే కదలికంతా కళ్లకు కడుతుంది. వేగం సెకనుకు 10 చొప్పున తగ్గి 2 సెకన్లకు సున్నా అవుతుంది. అప్పటికి బంతి 20 మీటర్లు ఎక్కింది. ఇక నేల దాకా 45 మీటర్లు. ఆగిన చోటు నుంచి పడే దూరం ½ × 10 × కాలం², అంటే 5 × కాలం². 45 = 5 × 3 × 3, అంటే 3 సెకన్లు. మొత్తం 5.

ఒకే సమీకరణంలో (స్థానభ్రంశం = తొలివేగం × కాలం + ½ × త్వరణం × కాలం²) టెన్షనంతా గుర్తులతోనే. పైదిశ ధనాత్మకమైతే త్వరణం −10, నేల 25 మీటర్లు కింద ఉంది కాబట్టి స్థానభ్రంశం −25. చాలామంది ఇక్కడే 25 వేసేస్తారు. వర్గమూలం కింద రుణసంఖ్య వచ్చి లెక్క ఆగిపోతుంది. సరిగ్గా వేస్తే కాలానికి రెండు విలువలొస్తాయి: 5, −1. రెండోదాన్ని కొట్టేస్తాం గానీ, దానికీ చక్కటి అర్థముంది. ఒక సెకను ముందు నేల నుంచి 30 వేగంతో పైకి విసిరిన బంతి కూడా సరిగ్గా ఇలాగే మేడ అంచును దాటేది!

ఇంటర్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ముక్కల పద్ధతే ముందు చెబుతాను. శిఖరం దగ్గర వేగం సున్నా అయినా త్వరణం పోదని అక్కడే అర్థమవుతుంది. గుర్తులు చేతికి అలవాటయ్యాక ఎంట్రన్స్ పరీక్షకు రెండోదే హాయి.