పాత క్యాసెట్లు, ఫొటోలు బాగుచేయించాలనుకునే కోనసీమవారికి హెచ్చరిక

పాత వీడియో క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాం, మాసిపోయిన ఫొటోలను కొత్తవాటిలా చేస్తాం అనే ప్రకటనలు ఈమధ్య మా వైపు ఎక్కువయ్యాయి. అలాంటి ఒక దుకాణానికి మా ఇంటి క్యాసెట్లు, ఒక ఆల్బమ్ ఇచ్చాం. తిరిగి వచ్చినవి మావి కావు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. మీరు ఎవరికి ఇచ్చినా సరే, ఇచ్చే ముందు ఇది చదవండి.

1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను తర్వాత తీసిన ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. ఇంటి మీద పెంకులు లేవు. వెనక కొబ్బరి చెట్లు అడ్డదిడ్డంగా కూలి ఉన్నాయి. ముందు మామ్మ, అమ్మ, పిన్ని, వాళ్ల కాళ్ల దగ్గర పిల్లలం. అందరం నవ్వుతున్నాం. కరెంటు లేని ఆ రోజుల్లో రెండు కాపురాలకూ ఒకే పొయ్యి, వంట బాబాయిది. ఆయన పప్పులో ఉప్పు ముందు ఒకసారి, దించేటప్పుడు మళ్లీ ఒకసారి వేసిన రోజు తీసిన ఫొటో అది. దుకాణం వారు ఇచ్చిన ప్రతిలో కూలిన చెట్లన్నీ లేచి నిలబడ్డాయి! వెనక పచ్చటి తోట, పైన నీలాకాశం. మామ్మ ముక్కుపుడక మాయం, పలువరుస చక్కగా సర్దేశారు, ముడతలు ఒక్కటీ లేవు. ఆవిడెవరో మాకు తెలియదు. అడిగితే, ‘కంప్యూటరే చేసిందండీ, ఇంకా బాగా వచ్చింది కదా’ అన్నారు.

ఫొటోలో చెరిగిపోయినదాన్ని తిరిగి తీసుకురావడం ఆ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వల్ల కాదు. తాను అంతకుముందు నేర్చుకున్న వేల ముఖాల నుంచి ఒక ముఖాన్ని ఊహించి అక్కడ అతికిస్తుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టుగా స్కాన్ చేసిన ఫైలు ముందు చేతికి రావాలి. మెరుగులు దిద్దడం వేరే పని, దానికి వేరే ఫైలు. ఈ మాట రసీదు మీద రాయించండి. ఇక ‘లామినేషన్ చేస్తే వందేళ్లు ఉంటుంది’ అంటే అస్సలు ఒప్పుకోవద్దు. వేడికి అంటుకున్న ఆ ప్లాస్టిక్‌ను ఫొటో పాడవకుండా ఊడదీయడం దాదాపు అసాధ్యం.

క్యాసెట్ విషయంలో జరిగింది ఇంకా ఘోరం. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో పదకొండు ఊళ్ల ప్రభలు, అంటే శివుణ్ణి ఊరేగించే ఎత్తయిన అలంకరణలు, కలుస్తాయని మీకు తెలిసిందే. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటుతుండగా బాబాయి తీసిన వీడియో అది. బొమ్మ అంతంతమాత్రం, సగంసేపు ముందున్నవారి తలలే. విలువంతా తాతయ్య గొంతుది. ఏ ప్రభ ఏ ఊరిదో పిల్లలకు చెబుతూ, మధ్యలో మాట ఆపి ‘అశ్శరభ శరభ’ అని జనంతో కలిసి అరుస్తూ ఉంటాడు. ఆయన గొంతు మాకు ఇంకెక్కడా లేదు. పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే మొదటి నుంచి చివరి దాకా ఒకటే భక్తి పాట. గోల ఎక్కువగా ఉందని తీసేశారట. మూల ఫైలు చెరిపేశారట. క్యాసెట్‌లో టేపు తెగి, ఉండ చుట్టుకుని ఉంది.

మన డెల్టా తేమకు టేపు మీద బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే తెల్లటి పొడిలా కనిపిస్తుంది. శుభ్రం చేయకుండా ఆడిస్తే టేపు అంటుకుని తెగవచ్చు, ఆ బూజు వీసీఆర్‌లోంచి తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. వీసీఆర్లు తయారుచేస్తున్న చివరి జపాన్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది కనుక ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నవి పాత యంత్రాలే. అంచేత ముందు మీకు అంతగా అవసరం లేని క్యాసెట్ ఒకటి ఇచ్చి, మీ ఎదురుగా ఆడించమనండి. క్యాసెట్ వీపు మీద మూలన ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేసి ఇస్తే పొరపాటున దాని మీద వేరేది రికార్డు కాదు. తెగిన టేపును మాత్రం పారేయకండి. మరో ఊళ్లో ఒక పాత మెకానిక్ మా టేపును అతికి, తెగినచోట కొన్ని క్షణాలు తప్ప మిగతాదంతా తీసిచ్చారు. తాతయ్య గొంతు దక్కింది. ఆయన తీసుకున్నది మొదటి దుకాణం తీసుకున్నదానిలో సగం కూడా లేదు.

రసీదు వెనక ‘పోయినా, పాడైనా మా బాధ్యత లేదు’ అని అచ్చువేసి ఉందని వెనక్కి తగ్గనక్కరలేదు. ఆ ముక్క ఉన్నంత మాత్రాన వినియోగదారుడి హక్కు పోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. దుకాణానికి కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే ఫిర్యాదుకు రుసుము లేదు, గడువు 2 సంవత్సరాలు.

డబ్బు వెనక్కి ఇస్తాం, ఫిర్యాదు తీసేయండి అని ఇప్పుడు కబురు పంపుతున్నారు. ఆల్బమ్ స్కాన్ చేసిన మూల ఫైళ్లు ముందు ఇవ్వమన్నాం. అలాంటి దుకాణానికి మీరూ ఇచ్చి ఉంటే మొదట ఆ ఫైళ్లే అడగండి, అదీ ఈ వారంలోనే. కంప్యూటర్‌లో చోటు చాలదని ఎప్పటికప్పుడు చెరిపేస్తామని వాళ్లే మాతో చెప్పారు.