నాలుగేళ్లు విన్నాక: ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్‌లో బేస్ సంగతి

హనుమకొండలో మా మేడమీది చిన్న గదిలో నాలుగేళ్లుగా ఒక ఖరీదైన ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ వాడుతున్నాను. కంపెనీ పేరు చెప్పను. 580 వోల్టుల బయాస్ (లోపలి పొరకు స్థిరంగా ఇచ్చే వోల్టేజి) మీద, దానికంటూ ఉన్న ఆంప్లిఫయర్‌తో మాత్రమే నడిచే రకమంటే తెలిసినవారికి చాలు. గాత్రం, వయొలిన్ అద్భుతంగా వినిపిస్తాయి గానీ బేస్, అంటే అడుగు స్థాయి గంభీర నాదం, ఉండదని కొనేముందు అందరూ హెచ్చరించారు. అది సగమే నిజమని నా అనుభవం.

మామూలు హెడ్‌ఫోన్‌లో తీగచుట్ట అతికించిన పొర అయస్కాంతం దగ్గర కదులుతుంది. ఇందులో చుట్టే లేదు. రంధ్రాలున్న రెండు పలకల నడుమ, ఒకటి రెండు మైక్రాన్ల మందమున్న ప్లాస్టిక్ పొరను బిగించి విద్యుదావేశం నింపుతారు. పలకల మీది వోల్టేజి దాన్ని ఒకవైపు నుంచి నెడుతూ మరోవైపు నుంచి లాగుతుంది. 1960లో జపాన్‌లో స్టాక్స్ సంస్థ ఎస్ఆర్-1 తెచ్చిననాటి నుంచీ సూత్రం ఇదే. బరువు దాదాపు లేని పొర కాబట్టి దెబ్బకు కదిలి, దెబ్బతోనే ఆగుతుంది.

ఈ ఆగడంలోనే దాని బేస్ గొప్పదనం ఉంది. మృదంగం ఎడమవైపు రవ్వముద్ద పెట్టిన మూత మీద చెయ్యి ఒత్తి జరిపినప్పుడు నాదం కిందినుంచి పైకి జారడం, ఆ జారుడులో ప్రతి మెట్టూ ఇందులో తెలుస్తుంది. నా పాత హెడ్‌ఫోన్‌లో అది ఒక్క ‘గుం’గా ముద్దయిపోయేది. మంట దగ్గర కాచిన డప్పు మీద కుడిచేతి సిర్ర కర్ర దెబ్బ, ఎడమచేతి సన్నని సిటికెన పుల్ల దెబ్బ వేర్వేరు బరువులతో వినిపిస్తాయి. బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలికినా శ్రుతి చెదరలేదు.

అయితే మా మేనల్లుడు పది నిమిషాలు విని, “మంచిగనే ఉన్నది గని, గుండెకు తగుల్తలేదు మామా” అన్నాడు. వాడన్నదీ నిజమే. పొరకూ పలకకూ మధ్య ఎడం దాదాపు అర మిల్లీమీటరే కాబట్టి, గాలిని బలంగా తోసేంతగా పొర ఊగడం కుదరదు. డీజే పాటలకోసమైతే ఇంత డబ్బు పెట్టవద్దు.

అసలు చిక్కు వేరే ఉంది, దాన్ని గుర్తించడానికి నాకు ఏడాది పట్టింది. వెనుక భాగం తెరిచి ఉండే నిర్మాణం కనుక, కుషన్ చెంపకు పూర్తిగా ఆనకపోతే పొర ముందువైపు శబ్దం, వెనుకవైపు శబ్దం సందులోంచి కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ముందుగా మాయమయ్యేది బేసే. లావుపాటి కాడల కళ్లద్దాలతో 30 హెర్ట్జ్ టోన్ విని, తీసి మళ్లీ విన్నాను. తీశాక అప్పటిదాకా లేని అడుగు ఒకటి వచ్చి చేరినట్టయింది. బేస్ లేదని తిట్టుకున్న ఆ ఏడాదంతా తప్పు నా కళ్లద్దాలదే.

వానాకాలం తేమకు ఒకటి రెండుసార్లు చిటపటలు వినిపించాయి. సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో భద్రపరచడం మొదలుపెట్టాక మళ్లీ రాలేదు. మే నెలలో మాత్రం ఆంప్లిఫయర్ వేడి ఈ గదిలో భరించలేం. ఇప్పుడు ఎడమ కుషన్ అణిగి, ఆ చెవిలో మృదంగం కాస్త పలచబడింది. కొత్త కుషన్ల జత కోసం చూస్తున్నాను.